పాట కట్టినవాడే పేజీ కూడా రాయాలి

కొత్త పాట చేశానని చెబితే కావలిలో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, "యూట్యూబ్‌లో పెట్టావా?" రెండోది, "వ్యూస్ ఎన్ని?" మూడో ప్రశ్న అడిగేవాళ్ళు అరుదు. యూట్యూబ్ సంగతి తర్వాత, ముందు నా వెబ్‌సైట్‌లో వినండి అంటే మాత్రం ఎదుటివాళ్ళ మొహంలో కాస్త జాలి కనబడుతుంది. మా బావ అయితే ఏమీ దాచుకోకుండా అనేశాడు. "దాన్ని ఎవరు చూస్తారబ్బా! ఊరి బయట యాడో కొట్టు పెట్టినట్టుంది."

బావ చెప్పింది అబద్ధమేమీ కాదు. నా సైటుకి వచ్చేవాళ్ళు తక్కువే. కానీ ఆయన ఆ కొట్టు అమ్మకాల కోసం పెట్టాననుకుంటున్నాడు. పాట ఒకచోట తయారవుతుందనీ, అయిపోయాక ఇంకోచోట ప్రచారానికి పెడతారనీ ఆయన లెక్క. చాలామంది సంగీతం చేసేవాళ్ళ లెక్క కూడా అదే. రికార్డింగ్ అంటే కళ, వెబ్‌సైట్ అంటే బీటెక్ చదివిన కుర్రాడెవరికైనా అప్పజెప్పే పని. నేను దీనికి పూర్తిగా ఎదురు చెబుతాను. ఒక్కడే గదిలో కూర్చుని పాటలు చేసుకునే మనిషి తన పాటకు వెబ్‌పేజీ తానే రాసుకోవాలి. అది కూడా పాట పూర్తయ్యాక కాదు, సగంలో ఉన్నప్పుడే. ఎందుకంటే ఆ పేజీ రాసేటప్పుడు పాట మారుతుంది. నా అనుభవంలో ఎక్కువసార్లు బాగుపడింది.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఒక్కడే పాట చేయడంలో ఉన్న చిక్కు చెప్పాలి.

మా జిల్లాలో పాట అనగానే అందరికీ గుర్తొచ్చేది బాలసుబ్రహ్మణ్యం గారే. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం బాలు గారు కంచి పీఠానికి ఇచ్చేసిన సంగతి కూడా ఇక్కడ అందరికీ తెలుసు. ఆయన మొదటి సినిమా పాట 1966లో, మద్రాసులో. ఆ రోజుల్లో రికార్డింగ్ అంటే ఎంత మంది! పాట రాసినాయన, బాణీ కట్టినాయన, వయొలిన్ల వరస, తబలా, ఫ్లూటు, పాడేవాళ్ళు, అద్దం అవతల సౌండ్ ఇంజనీరు. ఒక్కరు తప్పు వాయించినా అందరూ మళ్ళీ మొదటినుంచి. "వన్ మోర్" అనే మాట ఎవరో ఒకరి నోటినుంచి వస్తూనే ఉంటుంది. ఒకరికి నచ్చని మాట ఇంకొకరు మార్చమంటారు, చరణం సాగిందని నిర్మాత విసుక్కుంటాడు. పాట అన్ని చేతులు దాటి బయటికి వచ్చేది.

ఇప్పుడు ఆ మద్రాసు హాలు మొత్తం నా మేడ మీద గదిలో ఒక టేబుల్ మీదికి వచ్చి కూర్చుంది. ఒక ల్యాప్‌టాప్, మైకునీ గిటారునీ దానికి కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, గిటారు, తాతయ్య హార్మోనియం, ఒక డప్పు. ఇది గొప్ప సౌకర్యం, కాదనను. మద్రాసు రైలెక్కి గంటల లెక్కన స్టూడియోకి డబ్బు కట్టే స్తోమత నాకెప్పుడూ లేదు. కానీ సామాన్లు వచ్చాయి గానీ మనుషులు రాలేదు. రాసేది నేనే, పాడేది నేనే, బాగుందో లేదో తేల్చేదీ నేనే. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులకు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే రికార్డింగులకు, లెక్కా పత్రం లేదు, ఎన్నైనా చేర్చుకుంటూ పోవచ్చు. "ఇంక చాల్లే" అనే గొంతు గదిలో లేదు. ఒక్కడే పాట చేసేవాడి పాటలు పూర్తికాకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. టైం లేక, డబ్బు లేక అని చెప్పుకుంటాం గానీ నిజంగా లేనిది అడిగే మనిషి.

గది సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే నా పేజీల్లో సగం సరుకు ఆ గదిదే. కావలి విజయవాడ, చెన్నైల మధ్య మెయిన్ లైను మీద ఉంది. పగలూ రాత్రీ రైళ్ళు. గూడ్సు బండి దూరంగా పోతున్నా చెవికి పెద్దగా తెలియదు, కానీ మైకు పట్టేస్తుంది, అడుగున ఒక గుర్రుమనే చప్పుడు లాగా. గొంతు ట్రాకులో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తే అది చాలావరకు పోతుంది. మగ గొంతుకి ఆ కింద పెద్దగా పనికొచ్చేదేమీ ఉండదు. ఫ్యాను మాత్రం ఏ ఫిల్టరుకీ లొంగదు. దాని గాలి మైకు మీద పడితే ఆ టేకు వదిలేయాల్సిందే. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, బొంతలు వేలాడదీసి పాడటం ఎలా ఉంటుందో నెల్లూరు ఎండ తెలిసినవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. ఆ వేడిలో పాడిన పాట ఏదో నేను ఇప్పటికీ వినగానే చెప్పగలను. ఆఖరి చరణంలో తొందర ఉంటుంది, ఎప్పుడు అయిపోతుందా అని.

తెల్లవారుజామున చేసుకోవచ్చు కదా అంటారు. ధనుర్మాసంలో నాలుగున్నరకే గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. మిగతా రోజుల్లో ఆ వేళ పాల బండ్లు, కుక్కలు. నేను కండెన్సర్ మైకు పక్కనపెట్టి డైనమిక్ మైకుకి మారింది ఈ గోల పడలేకే. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇచ్చి ఆన్ చేస్తే వీధి చివర మాట్లాడుకునేవాళ్ళ కష్టసుఖాలు కూడా రికార్డవుతాయి. డైనమిక్ మైకు దగ్గర నోరు పెట్టి పాడాలి, గొంతులో అడుగు స్వరం కాస్త ఎక్కువ పలుకుతుంది, దూరపు చప్పుళ్ళు తగ్గుతాయి. కరెంటు వైపు నుంచి గుయ్‌మని 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు మాయమవుతుంది. యూట్యూబ్‌లో విదేశీ గురువులు చెప్పే పాఠాల్లో గోడలకు ఫోమ్ అతికించమంటారు. మన ఇళ్ళలో బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడి పాడితే ఆ పని కొంతవరకు అయిపోతుంది. ఖర్చు లేదు, కలరా ఉండల వాసన మాత్రం భరించాలి.

హార్మోనియం ఇంకో కథ. పాత రీడ్లు, ఇప్పుడు శృతికి కొలతగా పెట్టుకునే 440 హెర్ట్జ్ లెక్కకి కొద్దిగా కింద ఉంటాయి. దాన్ని మార్చలేం కాబట్టి మిగతావన్నీ దాని దారికి రావాలి. గిటారు తీగలు దానికి శృతి చేసుకోవాలి, కంప్యూటర్లో వాయిద్యాలను కొన్ని సెంట్లు (శృతిలో చాలా చిన్న కొలత) దించుకోవాలి. మొదట హార్మోనియంతో ఒక ట్రాకు పాడతాను. సినిమావాళ్ళ భాషలో ట్రాక్ పాడటం అంటారే, అలాంటిదే. లయ తప్పినా ఫర్వాలేదు, మాటలు పూర్తిగా ఉండాలి. ఆ ట్రాకు అయిన రోజే నేను సాఫ్ట్‌వేర్ మూసేసి, ఒక ఖాళీ హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే వెబ్‌పేజీ రాసుకునే ఫైలు, తెరుస్తాను.

ఆ ఖాళీ పేజీలో నేను నింపాల్సినవి కొన్ని ఉంటాయి. పాట పేరు. సాహిత్యం మొత్తం తెలుగు లిపిలో, ఏ పాదం ఎక్కడ విరుగుతుందో చూసుకుని. శృతి. ఏయే వాయిద్యాలు, ఎవరు వాయించారు. ఎక్కడ, ఏ కాలంలో రికార్డు చేశాను. వెనక వినబడే చప్పుళ్ళు ఏమిటి. చూడటానికి ఇది గుమాస్తా పని. కూర్చుని రాస్తే తెలుస్తుంది, ఇవన్నీ ప్రశ్నలని. మద్రాసు హాల్లో పదిమంది అడిగే ప్రశ్నలే ఇక్కడ ఆ పేజీ అడుగుతుంది.

ఒక పాట తీసుకుంటాను. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి మీద కట్టింది. మా వైపు కావలి దాటి తుమ్మలపెంట సముద్రం వైపు వెళితే రాత్రిళ్ళు చీకట్లో నీళ్ళు తపతపలాడే చప్పుడు వస్తుంటుంది. ఏరియేటర్లు, నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు. గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చే నాచు రాత్రి అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి. ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ వెంటనే అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. అప్పు చేసి పెట్టిన పంట. అందుకే కాపలా మనిషికి దొంగల కంటే కరెంటు భయం ఎక్కువ. పల్లవి ఇలా వచ్చింది:

ఏరియేటరు తిరుగుతా ఉంటే ఊపిరాడతాది రొయ్యకి
ఊరు నిదరపోతా ఉంటే ఊపిరాడదు నాయనకి

మొదటి చరణంలో జనరేటరు, డీజిలు, టార్చిలైటు. రెండో చరణంలో వెన్నెల, ఒంటరితనం, కన్నీటి చుక్క. పాడుతున్నప్పుడు రెండో చరణమే నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేది. అక్కడ రాగం కాస్త పైకి వెళుతుంది, ఒక ఆలాపన పడుతుంది, గొంతుకి హాయి. పేజీలో రాగం తీసేసి ఉత్త మాటలు పెట్టి చూస్తే ఆ చరణం ఎవరి మీదైనా పాడుకోవచ్చు. లారీ డ్రైవరు మీద, గల్ఫు వెళ్ళినాయన మీద, ప్రేమలో ఓడిపోయిన కాలేజీ కుర్రాడి మీద. రొయ్యల గుంట అందులో ఎక్కడా లేదు. బాణీ ఎంత బలహీనమైన మాటనైనా మోసుకుపోగలదు, అదే దాని గొప్ప, అదే దానితో ప్రమాదం. చరణం మొత్తం తీసేశాను. దాని చోట మాటల్లేవు. ఏరియేటర్లు ఆగుతాయి, కొంతసేపు ఏమీ ఉండదు, తర్వాత జనరేటర్ అందుకుంటుంది. అది నిజంగా గుంట గట్టు మీద ఫోనుతో రికార్డు చేసుకొచ్చిన చప్పుడే. "వెనక వినబడే చప్పుళ్ళు" అని పేజీలో రాసుకుంటున్నప్పుడే, ఇది వెనక ఎందుకు, ముందుకే తెస్తే పోలా అనిపించింది. ట్రాకులన్నీ కలిపి సరిచేసే మిక్సింగ్‌లో ఎన్నాళ్ళు కూర్చున్నా ఆ ఆలోచన నాకు వచ్చేది కాదు. మిక్సింగ్ ఉన్నదాన్ని సర్దుతుంది. అసలు ఉండాలా అని అడగదు.

పాట ఎక్కడ ఉండబోతోందో ఆ చోటు పాటను తనకు తగ్గట్టు మలుస్తుందన్నది కొత్త సంగతేమీ కాదు. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగులు 1902లో మొదలయ్యాయి. పక్కకి మూడు నిమిషాలు పట్టే ప్లేటు. గంటసేపు పాడే విద్వాంసులు రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించి పాడటం నేర్చుకున్నారు. ఆ తొలి రికార్డులు పాడిన గౌహర్ జాన్ పాట చివర ఇంగ్లీషులో తన పేరు తానే గట్టిగా చెప్పేది. పాటతో పాటు పేరు కూడా పోవాలంటే వేరే దారి లేదు, గాడిలోనే చెక్కాలి. మన వాగ్గేయకారులు అంతకుముందే ఆ పని ముద్రతో చేశారు. త్యాగరాజస్వామి ఆఖరి చరణంలో పేరు పెట్టి వెళ్ళిపోయారు. ఆ పైన క్యాసెట్లు వచ్చాయి, డబ్బాలో మడతపెట్టిన చిన్న కాగితం వచ్చింది. రాసినవాళ్ళు, వాయించినవాళ్ళు, అందరి పేర్లూ చీమల్లాంటి అక్షరాల్లో. చిన్నప్పుడు పాట వింటూ ఆ కాగితం చదవడం నాకు పాటలో భాగమే. నా పేజీ ఆ వరసలోదని అనుకుంటాను.

మరి ఇప్పటి స్ట్రీమింగ్ యాప్‌లు పాటను ఏమడుగుతున్నాయి? స్పాటిఫైలో ఒకరు 30 సెకన్లు వింటేనే అది ఒక స్ట్రీము. 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకి అక్కడ రికార్డింగ్ రాయల్టీలో వాటా లేదు. మంచిదా చెడ్డదా అని నేను తగువు పెట్టుకోను, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. నా తగువంతా ఆ లెక్క పాట కట్టేవాడి తలలోకి దూరడంతోనే. మొదటి 30 సెకన్లలో పట్టేయాలి కాబట్టి ఆలాపన తీసెయ్, నేరుగా పల్లవి ఎత్తుకో. రీల్స్‌కి పనికొచ్చే ఒక ముక్క ఉండాలి. ఇవన్నీ ఎవరూ బలవంతం చేయకుండానే మనమే మనకు చెప్పుకుంటాం. అంటే గదిలో ప్రశ్నలడిగే మనిషి లేడని నేనన్నది సగమే నిజం. మనిషి లేకపోతే ఆ కుర్చీలో యాప్ వచ్చి కూర్చుంటుంది. అది అడిగే ప్రశ్న ఒక్కటే, వేలు పైకి జరపకుండా ఆపగలవా అని. దానికి జవాబు చెప్పడానికే పాటలు కడితే అన్ని పాటలూ ఒకే చోటికి చేరతాయి. రొయ్యల గుంట పాటలో ఏరియేటర్లు ఆగిన నిశ్శబ్దం అక్కడ బతకదు. నెట్ పోయిందేమో అనుకుని వెళ్ళిపోతారు.

పైగా ఆ చోట్లు నిలిచేవి కూడా కావు. మైస్పేస్ అనే ఒకప్పటి సోషల్ సైటులో జనం 2003 నుంచి 2015 దాకా పెట్టుకున్న పాటలు సర్వర్లు మార్చడంలో పోయాయని 2019లో బయటపడింది. సుమారు 5 కోట్ల పాటలు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. అదే ఏడాది జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్ ఆగిపోయింది. మా వైపు పొలం గట్ల మీద పాడి పేరు తెచ్చుకున్నవాళ్ళ వీడియోలు ఆ రాత్రితో అందకుండా పోయాయి. రెస్సో, వింక్ అనే పాటల యాప్‌లు 2024లో వెళ్ళిపోయాయి. వాటిలో దేన్నీ నేను తిట్టడం లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేయమంటే చేయాలి, అంతే.

సొంత వెబ్‌సైట్ కట్టడం ఎంత కష్టం? తెలుగులో కాకపోతే ఏమీ కష్టం కాదు. తెలుగులో కాస్త చూసుకోవాలి. నాది డేటాబేసులు, థీములు ఏమీ లేని ఉత్త హెచ్‌టీఎంఎల్. పాటకి ఒక ఫైలు. పాట వినడానికి ఆడియో ట్యాగ్ ఒక్కటి చాలు, ప్లే బటన్ బ్రౌజరే ఇస్తుంది. పేజీ తెరవగానే పాట దిగుమతి కాకుండా, నొక్కితేనే వచ్చేలా పెట్టుకోవాలి, లేకపోతే సాహిత్యం చదువుకోవడానికి వచ్చినవాళ్ళ డేటా కూడా ఖర్చు. నాలుగు నిమిషాల పాట 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా దాదాపు 69 ఎంబీ. 192 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే ఆరు ఎంబీ లోపే. వినడానికి ఎంపీ3, దాచుకోవాలనుకునేవాళ్ళకి పెద్ద ఫైలు, రెండూ ఇస్తాను.

తెలుగు దగ్గర వచ్చే చిక్కుల్లో మొదటిది లైన్ల మధ్య ఎడం. ఇంగ్లీషు కోసం పెట్టిన కొలతలో మన వత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఎడం పెంచాలి, పాటల సాహిత్యానికైతే ఇంకా పెంచాలి. ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. సాహిత్యానికి నేను మండలి వాడతాను, కంటికి ఒత్తిడి ఉండదు. ఫైలు పేరు తెలుగులో పెడితే అందంగానే ఉంటుంది గానీ, ఆ లింకు వాట్సాప్‌లో పంపితే ఒక్క "క" తొమ్మిది గుర్తుల గజిబిజిగా విడిపోతుంది. పాట పేరు మూరెడు పొడవు చెత్తలా కనబడితే ఎవరు నొక్కుతారు? అందుకని ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఇంకోటి, పాత పాటల మాటలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించుకున్నవాళ్ళుంటే వాటిని అలాగే తెచ్చి పేజీలో అతికిస్తే అర్థంపర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాలి. అలా మార్చినవి కూడా ఒకసారి కళ్ళతో చదవాలి.

ఇదంతా చేసిపెట్టే సాధనాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పాట పేరు చెబితే పేజీ తయారు, పరిచయం కూడా అదే రాసిపెడుతుంది. కోడ్ విషయంలో సాయం తీసుకోవడానికి నాకు పట్టింపేమీ లేదు. పరిచయం మాత్రం రాయనివ్వను. "హృదయాన్ని తాకే గ్రామీణ గీతం" అని అది వెంటనే రాసేస్తుంది. తప్పేమీ లేదు అందులో, ఎక్కడా ఎవరికీ అడ్డం పడదు. నాకు కావలసింది అడ్డం పడటమే.

సాహిత్యం రాసేటప్పుడు యాస దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను. పాడినప్పుడు "తిరుగుతా ఉంటే" అని పాడి, పేజీలో "తిరుగుతూ ఉంటే" అని దిద్దేవాళ్ళున్నారు. చదువుకున్నవాళ్ళు చూస్తారన్న టెన్షన్. నేను పాడినట్టే రాస్తాను. కందుకూరు వైపు నుంచి ఒకాయన, "మా పక్క ఆ మాట ఇట్టా అనం అన్నా" అని ఒక వరస గురించి మెయిల్ పెట్టారు. ఆయన చెప్పిన రూపం బాణీలో ఇంకా బాగా కూర్చుంది, మార్చి మళ్ళీ పాడాను. ఆయన పేరు ఆయన అనుమతితో పేజీలో పెట్టాను. పేజీలో మాటలు లేకపోతే ఆ మెయిల్ వచ్చేది కాదు. పాట వినేటప్పుడు చెవి సర్దుకుపోతుంది, చదివేటప్పుడు కన్ను సర్దుకోదు.

నా వాదనకి వచ్చే గట్టి అభ్యంతరం బావది కాదు, నాతో పాటు డప్పు వాయించే మిత్రుడిది. "నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడిన పాటలకి ఏ పేజీ ఉంది? రాస్తే పాట బిగుసుకుపోతుంది" అంటాడు. నేను చాన్నాళ్ళు దీని గురించి ఆలోచించాను. నాట్ల పాటకి పేజీ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఎందుకంటే మడిలో పదిమంది ఉంటారు. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. నోరు తిరగని మాట, నడుం వంచి పాడలేని బాణీ అక్కడే రాలిపోతాయి. ఒక తరం తర్వాత మిగిలిన పాట అంతమంది నోళ్ళు దాటొచ్చినది. నాకు ఆ మడి లేదు. గదిలో ఒక్కణ్ణి. మడి ఉన్నవాడికి పేజీ వద్దు, లేనివాడికే కావాలి. మిత్రుడు దీనికి ఇంకా ఒప్పుకోలేదు. "అయితే నువ్వు మడిలోకి రా" అంటాడు. అదీ నిజమే. వచ్చే పాట అలాగే చేద్దామనుకుంటున్నాం.

బిగుసుకుపోవడం గురించి వాడన్న మాటలో ఒక ముక్క మాత్రం నేను తీసుకున్నాను. పేజీలో పాట అర్థం రాయను. ఏం జరిగిందో రాస్తాను, ఏం అనుకోవాలో రాయను. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబర్ 5న. ఆ వానల్లో కరెంటు లేక ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే పక్కింటి రేకుల మీద వాన చప్పుడు రికార్డు చేశాను, తర్వాత దాని మీద గిటారు వాయించి ఒక పాట కట్టాను. పేజీలో ఆ రెండు వాక్యాలే ఉన్నాయి. "ప్రకృతి ఆగ్రహానికి ప్రతీక" లాంటిది ఒక్క మాట రాసినా వినేవాళ్ళకి ఆ రేకులు వినబడవు.

ఇంతా చెప్పి, పాటలు యూట్యూబ్‌లో పెట్టనా అంటే పెడతాను. జనం ఉన్నది అక్కడ. కొత్త మనిషికి నా పాట తగిలేది అక్కడే, నా సైటులో కాదు. ఆ వరకు బావదే గెలుపు. కాకపోతే వరస మారింది. ముందు పేజీ, పేజీ అడిగినవాటికి జవాబులు, తర్వాత మిక్సింగ్, ఆ తర్వాతే యూట్యూబ్. అక్కడికి వెళ్ళేసరికి పాటకి చెప్పవలసిన జవాబులన్నీ చెప్పేసి ఉంటాను, 30 సెకన్ల ప్రశ్న నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టదు.

సొంత సైటు మాత్రం శాశ్వతమా అని మీరు అడగవచ్చు. కాదు. డొమైన్‌కి ఏటా డబ్బు కట్టాలి, హోస్టింగ్‌కి కట్టాలి. నేను కట్టడం మానేసిన ఏడాది అది కూడా మైస్పేస్ దారే పడుతుంది. త్యాగరాజస్వామి పూర్వీకులది పాత ప్రకాశం జిల్లా కంభం వైపు కాకర్ల అంటారు, ఇంటిపేరు కూడా అదే. ఆయన పాడినవి ఇవాళ మన దగ్గరున్నాయంటే శిష్యులు రాసుకోబట్టి, నేర్చుకుని మళ్ళీ నేర్పబట్టి. వాలాజాపేట శిష్యుల పాఠం ఒకలా, ఉమయాళ్పురం శిష్యులది ఒకలా ఉన్నా ఫర్వాలేదు, కీర్తన ఉంది. నాకు శిష్యులు లేరు, అంతటి పాటలూ కావు. కాబట్టి చేతనైనది చేశాను. ప్రతి పేజీ అడుగున ఒక జిప్ ఫైలు పెట్టాను. అందులో పాట, గొంతు లేని వాయిద్యాల ట్రాకు, సాహిత్యం ఉన్న చిన్న టెక్స్ట్ ఫైలు. ఎవరైనా దించుకోవచ్చు, దాచుకోవచ్చు, డబ్బుకి అమ్మనంతవరకు వాళ్ళ గొంతుతో పాడుకోవచ్చు, అని కింద రాశాను. నెట్‌లో దించుకోవడం రానివాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను. మా బావ కూడా ఒకటి పట్టుకెళ్ళాడు, కార్లో పెట్టుకోవడానికి. రొయ్యల పాటలో జనరేటర్ చప్పుడు దగ్గర కారులో ఏదో పాడైందని రెండుసార్లు బండి ఆపాడట. ఆ పాటని మాత్రం పెన్‌డ్రైవ్‌లోంచి తీసెయ్యమంటున్నాడు.